పాదానికి తెలిసిన అతుకు

కోదాడ
9 జనవరి 1994

తమ్ముడు ఫూల్‌సింగ్‌కు,

అంతా క్షేమమని రాయమంటాడు మీ బావ. కాలి బొటనవేలు తప్ప అని నేను కలిపి రాస్తున్నాను. మళ్లీ తగిలింది. అదే వేలు, అదే బండ. వంటింటికి పోయే దారిలో మూల లేచిన షాబాదు బండ ఉంది చూడు, దానికే. ఈసారి గోరు సగం ఊడింది. రక్తం చూసి నేను అరిస్తే, "నాకు కనవడదు గాబట్టి నొప్పి తక్కువనే. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?" అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

కళ్లు పోయి మూడేళ్లయినా మీ బావ దీప్లా, ఇంట్లో నడవడానికి ఎవరి చెయ్యీ పట్టుకోడు, నీకు తెలుసు. ఆ బండలు పరిచిందే తను. ఏ బండ పక్కన ఏది ఉందో పాదాలకు తెలుసు. నేను అంగన్‌వాడీ నుంచి మధ్యాహ్నం మూడింటికి వచ్చేసరికి స్టవ్ వెలిగించి, చాయ పెట్టి ఉంచుతాడు. ఆ చాయ కోసమే నేను పరుగెత్తుకొస్తానని అతని నమ్మకం. కాదని నేనెప్పుడూ అనలేదు.

కానీ ఒక పుండు మానకముందే ఇంకొకటి. దవాఖానలో డాక్టరమ్మ "ఇంకొక్కసారి గిట్ల తగిలిందంటే వేలు తీసేసుడే" అని కోప్పడింది. ఆ సంగతి తండాకు చేరింది. నడిగూడెం నుంచి మీ బావ వాళ్లన్న తావుర్యా దిగాడు. "గీ బండల మీద ఒక్కణ్ణి ఇడిసిపెట్టి నువ్వు నౌకరికి పోతివి. మా తమ్ముణ్ణి మేం తోలుకపోతం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, తప్పుపట్టను. కానీ అక్కడ మీ బావకు ఏముంది? మంచం మీద కూర్చోబెట్టి వేళకు గిన్నె చేతిలో పెడతారు. ఆ మాట విన్నప్పుడు మీ బావ మొహం నేను చూశాను తమ్ముడూ. ఉగాది దాకా గడువు అడిగాను.

ఈలోగా నేల బాగు చేయాలి. రైసు మిల్లులో బెల్టులు అతికేవాడివి, ఏదో ఒక ఉపాయం నీకే తోచాలి. ఒకప్పుడు చూసిన సినిమాల కథలు వారానికి రెండు రాసి పంపేవాడివి, ఇప్పుడు ఒక్కటీ లేదు. కథలు లేకపోతే పోయె, ఉపాయమైనా రాయి.

నీ అక్క
పుష్ప

*

మిర్యాలగూడ
18 జనవరి 1994

అక్కకు,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర అందింది. నిలబడే చదివాను. ఆదివారం సూర్యాపేట పోయి నాలుగు షాపులు తిరిగి, ఇప్పుడు రాస్తున్నాను.

బండలు పీకి కొత్తవి వేయడమంటే నెల రోజులు ఇల్లంతా తవ్వకం. నున్నటి టైల్స్ వేస్తే తడి కాలు జారుతుంది. ఒక షాపులో చుట్టలు చుట్టి నిలబెట్టిన షీట్లు చూపించారు. పేరు వినైల్. జనం మాత్రం రబ్బరు షీటు అంటున్నారు. మెత్తగా ఉంటుంది, చలికి కాలు వణకదు, అంచులు ఉండవు. తగలడానికి అక్కడ ఏమీ ఉండదక్కా.

షాపతను "చాపలెక్క పరుచుకోండి, సరిపోతది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పరిచిన షీటు పది రోజులకు మడత పడుతుంది, అంచు లేస్తుంది. కళ్లున్నవాడే తన్నుకుంటాడు. మొత్తం షీటు బంకతో నేలకు అతికించాల్సిందే. ముందు బండల మధ్య సందులు, మేస్త్రీలు జోళ్లంటారు, వాటినీ గుంటలనూ లప్పం పెట్టి సమం చేయాలి. ఎవరినో పిలవొద్దు, నేనే వచ్చి అతికిస్తాను. బావ కోసం ఇదొక్కటైనా నా చేత్తో చేయనీ.

ఒక పరీక్ష చెయ్యి. జానెడు ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించు. రెండు రోజుల తర్వాత ఎత్తి చూడు. కింద చెమ్మ పట్టి ఉంటే భూమి తడి పైకి వస్తున్నట్టు. అప్పుడు ఎంత మంచి బంకైనా నిలవదు.

మూడు ముక్కలు కవర్లో పెట్టాను. ఒకటి తెల్లరాయి డిజైను. రెండోది నల్లగా, మీద చిన్న చిన్న బుడిపెలు. మూడోది టేకు చెక్క డిజైను, అద్దంలా మెరుస్తుంది. బావను అడిగి ఏదో ఒకటి చెప్పు.

నీ తమ్ముడు
ఫూల్‌సింగ్

*

కోదాడ
2 ఫిబ్రవరి 1994

తమ్ముడికి,

ప్లాస్టిక్ కాగితం కింద చుక్క చెమ్మ లేదు. కాగితం ఎందుకు అంటించావని అడిగిన ప్రతివాళ్లకూ చెప్పలేక నా నోరు ఎండిపోయింది. పక్కింటి జంగమ్మ అయితే ఏదో మంత్రం వేయించామనుకుంది.

ఇక ముక్కల సంగతి. మీ బావ గడపలో కూర్చుని కాళ్లు కడుక్కుని మరీ పరీక్షకు సిద్ధమయ్యాడు, పెళ్లిచూపులకు కూర్చున్నట్టే. ఒక్కొక్క ముక్కను అరికాలి కింద పెట్టాను. తెల్లరాయికి "సల్లగున్నది" అన్నాడు. టేకు చెక్కకు "ఏం తెలుస్తలేదు" అన్నాడు. బుడిపెల ముక్క మీద మాత్రం మడమ అటూ ఇటూ తిప్పి, వేళ్లతో గీరి, "గిది తెలుస్తున్నది. గిదే తెమ్మను" అన్నాడు.

నువ్వు మాత్రం అది తేకు. అది వీడియో కోచ్ బస్సులో వేసే షీటురా! ఇంట్లో వేస్తే వచ్చినవాళ్లు టికెట్ అడుగుతారు. ఆ సందుల్లో మట్టి ఇరుక్కుంటే తీయాల్సింది నేను. టేకు చెక్కది తీసుకురా. పుట్టి బుద్ధెరిగాక నా ఇంట్లో ఒక్క మంచి వస్తువు మెరిసింది లేదు, నేలైనా మెరవనీ. మీ బావకు రెండూ ఒకటేనని నచ్చజెప్పాను. "నీకు నచ్చితే నాకు నచ్చినట్టే" అన్నాడు.

నీ అక్క
పుష్ప

*

మిర్యాలగూడ
20 ఫిబ్రవరి 1994

అక్కకు,

టేకు చెక్కదే కొన్నాను. మైసయ్య మేస్త్రికి కబురు పెట్టాను, జోళ్లన్నీ లప్పంతో పూడుస్తాడు. పూడ్చాక పదిహేను రోజులు ఎండాలి. ఆ పదిహేను రోజులు ఇల్లు కడగకు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి రెండోసారి రాస్తున్నాను: కడగకు. అతికించిన తర్వాత కూడా బకెట్లతో నీళ్లు పోయకూడదు, తడిగుడ్డతో తుడవడమే. షాపు వాళ్లిచ్చే తెల్ల బంకకు నీళ్లంటే గిట్టదు. మార్చి రెండో వారంలో మూడు రోజులు సెలవు పెట్టి వస్తాను.

ఫూల్‌సింగ్

*

మిర్యాలగూడ
19 మార్చి 1994

అక్కకు,

చేతులకు బంక ఇంకా పోలేదు. అన్నం కలిపితే మెతుకులు వేళ్లను వదలడం లేదు. అయినా సంతోషంగా ఉంది. మిల్లులో అందరికీ నీ నేల గురించి చెప్పాను.

నాకు పదే పదే గుర్తొచ్చేది ఒకటే. బంక పూసి ఆగాల్సినప్పుడు నాకు తొందర. బావ గడపలో కూర్చుని "వేలి ఎనక పెట్టి సూడు. అంటినట్టే అనిపించాలె గని వేలికి రావొద్దు. అప్పుడే వెయ్యాలె" అన్నాడు. మిల్లులో నాకు బెల్టు అతికే పని నేర్పిన రోజు కూడా అచ్చంగా ఇదే మాట అన్నాడు. నీ రోకలి నేల మీద దొర్లించి గాలి బుడగలు బయటికి నెడుతుంటే, ఆ చప్పుడు విని "ఎడమ దిక్కు ఒక బుడగ మిగిలింది" అన్నాడు. నిజంగానే మిగిలింది! ఇప్పటికీ ఆయనే మా హెడ్ ఫిట్టర్.

అంతా అయ్యాక "జోళ్లన్నీ పూడ్సిండ్రా?" అని అడిగాడు. "ఒక్కటి మిగిలితే ఒట్టు బావా" అన్నాను. అరికాలితో షీటు మీద అటూ ఇటూ రాశాడు. తర్వాత "మంచిగైంది" అన్నాడు.

ఇక తావుర్యా పెద్దబావను రమ్మను, చూసి పొమ్మను. బావను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోనవసరం లేదు.

నీ తమ్ముడు
ఫూల్‌సింగ్

*

కోదాడ
16 ఏప్రిల్ 1994

తమ్ముడు ఫూల్‌సింగ్‌కు,

నీ ఉత్తరం అందింది. నేల చాలా బాగుంది. వచ్చినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. జంగమ్మ వంగి తన మొహం చూసుకుంది. మీ బావ వేలు మానింది. మళ్లీ ఏమీ తగల్లేదు. నీ మేనకోడలు లక్ష్మి సూర్యాపేట హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒంట్లో జాగ్రత్త.

పుష్పాబాయి

*

మిర్యాలగూడ
8 మే 1994

అక్కకు,

నీ ఉత్తరం ఎవరో ఆఫీసులో టైపు చేసి పంపినట్టుంది. ఒక్క తిట్టు లేదు. కింద సంతకం "పుష్పాబాయి"! నేనేమైనా నీకు కొత్తగా పరిచయమయ్యానా?

ఏం జరిగింది? ఉగాది దాటింది కదా, తావుర్యా పెద్దబావ ఏమన్నాడు? ఒక్కటి చెప్పు చాలు. మూడింటికి నువ్వు ఇంటికి వచ్చేసరికి బావ చాయ పెట్టి ఉంచుతున్నాడా?

ఫూల్‌సింగ్

*

కోదాడ, అంగన్‌వాడీ
14 జూన్ 1994

తమ్ముడా,

ఇంట్లో రాస్తే కలం చప్పుడు విని ఎవరికని అడుగుతాడు. అందుకే పిల్లలను పడుకోబెట్టి ఇక్కడ రాస్తున్నాను. నీకు చెప్పొద్దని మీ బావ నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తప్పుతున్నాను, ఆ పాపం నాదే.

నువ్వు అడిగావు చూడు, చాయ సంగతి. లేదు తమ్ముడూ. నువ్వు వెళ్లిన రోజు నుంచి మొన్నటి దాకా ఒక్కరోజు కూడా లేదు.

మీ బావకు దారి చెప్పేవి ఆ జోళ్లే. మూల లేచిన బండ తగలగానే వంటిల్లు వచ్చిందని తెలిసేది. వీధి తలుపు ముందు పగిలిన బండ. పెరటి వైపు రోలు పెట్టి పెట్టి పడిన గుంట. మనం వాటిని ఒక్కటి మిగలకుండా పూడ్చి, పైన అద్దం అతికించాం. ఎటు చూసినా ఒకటే నున్నదనం. మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఎక్కడున్నాడో తెలియదు. మొదటి వారం గోడలు పట్టుకుని తిరిగాడు. ఒకరోజు పెరటి తలుపు దొరకలేదు. నేను వచ్చేసరికి లుంగీ తడిసి, గోడ మూలకు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. నేను ఏమీ చూడనట్టు లుంగీ మార్చాను. ఆ తర్వాత మంచం దిగడం మానేశాడు. మూడింటిదాకా నీళ్లు కూడా తాగడు, తాగితే పెరట్లోకి పోవాలి కదా.

నా మెరుపు పిచ్చే ఇంత పని చేసింది. పాదంతో చూసి సరైనది ఎంచుకున్నాడు, నేను బస్సు నేలని ఎగతాళి చేశాను. ఆ మాట తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. "ఫూల్‌సింగ్‌కు చెప్పకు. పోరడు దిల్ పెట్టి చేసిండు, మోకాళ్లు గీసుకపోయినయ్" అన్నాడు మీ బావ. అందుకే నేను ఆఫీసు ఉత్తరం రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన శుక్రవారం పొద్దున, ఏ ధ్యాసలో ఉన్నానో, మునుపటిలాగే రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి చీపురు అందుకున్నాను. మూడు నెలలు తడిగుడ్డతో ఓర్చుకున్నాను గానీ, శుక్రవారం ఇల్లు కడగనిదే నాకు ముద్ద దిగదు, ఇరవై ఏళ్ల అలవాటు. సగం కడిగాక నీ "కడగకు" గుర్తొచ్చింది. చీరలన్నీ వేసి ఒత్తాను. లాభం లేకపోయింది. ఆదివారానికి వంటింటి ముందు, రెండు షీట్లు కలిసేచోట, అతుకు పొడుగునా ఉబ్బి లేచింది.

సోమవారం మూడింటికి ఇంటికి వచ్చాను. స్టవ్ పక్కన గ్లాసులో చాయ ఉంది. వేడిగా ఉంది.

సంచీ దించకముందే గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. మీ బావ గుమ్మంలోంచి "వంటింటి మొగదల ఏదో లేసింది పుష్పా. కాలికి తెలిసింది" అన్నాడు. మూడు నెలల తర్వాత అతని గొంతులో ఆ హుషారు విన్నాను. చాయలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. చుక్క మిగలకుండా తాగాను.

తావుర్యా ఉగాదికే వచ్చాడు. నాట్లు అయ్యేదాకా ఆగమని కాళ్లావేళ్లా పడ్డాను. నాట్లు అయ్యాక బండి కట్టుకుని వస్తాడు. ఈలోగా ఏదైనా చెయ్యి. కానీ ఆ అతుకును మళ్లీ అతికించడానికి మాత్రం రాకు.

నీ పుష్పక్క

*

మిర్యాలగూడ
3 జులై 1994

అక్కా,

రెండు వారాలు రాయలేకపోయాను. ముందు పని సంగతి రాస్తాను.

లేచిన అతుకు అట్లాగే ఉంచితే ఈసారి నిజంగానే తట్టుకుని పడతాడు. పాదానికి తెలియాలి, వేలికి తగలకూడదు. మిల్లులో వడ్లు పైకెత్తే ఎలివేటర్ పాత బెల్టు తీసేశారు. యజమానిని అడిగి ఒక ముక్క తెచ్చుకున్నాను. బెల్టు పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్క పొర ఒలిస్తే సరిగ్గా షీటు మందం వస్తుంది, మీద గరుకు ఉంటుంది. షీటులో నాలుగు వేళ్ల వెడల్పు కోసి, ఆ సందులో ఈ పట్టీని కూర్చోబెడతాను. ఎత్తూ ఉండదు, పల్లమూ ఉండదు. వంటింటి ముందు ఒక పట్టీ, వీధి తలుపు ముందు రెండు, పెరటి తలుపు ముందు మూడు. మంచం దగ్గర నుంచి నడిమధ్యలో పొడుగునా ఒక దారి. ఈసారి తెల్ల బంక వాడను, బెల్టులకు వాడే సొల్యూషనే. దాని మీద నువ్వు కృష్ణానది పారించినా లేవదు. వానలు తగ్గగానే వస్తాను.

ఇక రెండోది. దీన్ని బావకు చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

బాయిలర్ గాజు గొట్టం పగిలి బావ కళ్లు పోయిన రోజు అక్కడ డ్యూటీ బావది కాదు. నాది. పొద్దున మిల్లు గదిలో బావ దగ్గరికి పోయి జ్వరంగా ఉందని చెప్పాను. "పండుకో, నేను పోత" అన్నాడు. నాకు జ్వరం లేదక్కా. నేను మ్యాట్నీకి పోయాను. ఇంటర్వెల్‌లో పల్లీలు కొంటుంటే మా మిల్లు లారీ డ్రైవర్ నన్ను చూసి "నువ్వు గీడున్నవా? మీ బావను దవాఖానకు తీస్కపోయిండ్రు" అన్నాడు. పల్లీల పొట్లం చేతిలో పట్టుకునే దవాఖాన దాకా పరుగెత్తాను.

ఆ తర్వాత నేను సినిమా చూడలేదు. నువ్వు కథలు రాయమన్నప్పుడల్లా కాగితం ముందు పెట్టుకుని మానేశాను. ఈ నేల వేస్తే కొంచెమైనా తీరుతుందనుకున్నాను. అది కూడా బావను మంచానికే కట్టేసింది. నేను మంచి చేయబోయినా ఆయనకే తగులుతోంది.

నువ్వు ఏమన్నా పడతాను.

ఫూల్‌సింగ్

*

కోదాడ
21 ఆగస్టు 1994

ఫూల్‌సింగ్,

నీ ఉత్తరం చించేశాను. ముందు అది తెలుసుకో.

నెలన్నర నీకు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే భయమేసింది. మనం ఇద్దరం యాడి లేకుండా, అమ్మ చేతి ముద్ద ఎరగకుండా పెరిగాం. నీకు అన్నం తినిపించింది నేను. మూడేళ్లుగా ఈ ఇంటికి వస్తూ పోతూ, నా చేతి ముద్ద తింటూ, ఒక్కసారి కూడా నోరు విప్పలేదు నువ్వు. సినిమాకు పోయినందుకు కాదు, దాచినందుకు నాకు కోపం. ఆ కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను.

చించిన ముక్కలు పొయ్యిలో వేయబోయి ఆగాను. బెల్టు కొలతలు ఉన్నాయి కదా అందులో. ఏరి, అన్నం మెతుకులతో అతికించాను. మీ బావ "ఏం చప్పుడది? కాగితం చింపి మళ్ల ఏరుతున్నవేంది?" అన్నాడు. ఈ మనిషి దగ్గర ఏది దాగుతుంది? చదివాను. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా.

విని, ఉత్తరం చేతిలోకి తీసుకుని అతుకులన్నీ తడిమాడు. తర్వాత రాయమన్నాడు. మన లంబాడీ భాషలో చెప్పాడు. మన మాటకు అక్షరాలు లేవు కాబట్టి తెలుగులో పెడుతున్నాను:

"నువ్వు జరమన్న పొద్దు నీ నుదురు మీద చెయ్యి పెట్టి సూసిన, యాదికున్నదా? సల్లటి కుండ లెక్క ఉన్నది. అబద్ధమని నాకప్పుడే ఎర్క. సినిమా పిచ్చోడు, కొత్త సినిమా పడ్డది, పోనీ అనుకున్న. నేను పోనిస్తేనే నువ్వు పోయినవ్. గాజు గొట్టం నువ్వు పగలగొట్టలే, నేను పగలగొట్టలే. అది ఆ దినం పగిలేదుండె, పగిలింది. నువ్వే ఆడ ఉంటే నీ కండ్లు పోతుండె. అప్పుడు మీ అక్క నన్ను బతకనిస్తుండెనా? జర సోంచాయించు."

ఇక్కడ నేను రాయడం ఆపి ఏడ్చాను. "ఏడుపు తర్వాత, ఇంక ఉన్నది రాయి" అన్నాడు.

"ఒక్కదానికి మాత్రం నీ మీద నారాజ్ ఉన్న. నువ్వొచ్చి సినిమా కథ చెప్తే, ఫైటింగులు, పాటలు అన్నీ కనవడినట్టే ఉంటుండె. కండ్లు పోయినంక నాకు అదొక్కటే సినిమా అయితుండె. అది గూడ బంద్ వెట్టినవ్. మూడేండ్ల సంది ఒక్క కథ లేదు. సినిమాకు పో. పోయి ఆఖరి దాకా కూసో. బెల్టు తెచ్చేటప్పుడు సొల్యూషన్ డబ్బా పెద్దది పట్టుకరా."

ఇది మీ బావ మాట. నా మాట వేరే ఏమీ లేదు. దసరా సెలవుల్లో లక్ష్మి వస్తుంది, అప్పుడు రా. చేపల పులుసు చేస్తాను. తిట్టవలసింది తినేటప్పుడు తిడతాను.

నీ అక్క

*

కోదాడ
6 నవంబర్ 1994

తమ్ముడు ఫూల్‌సింగ్‌కు,

నువ్వు వెళ్లి మూడు వారాలు. అన్ని పట్టీలూ నేలను కరుచుకుని ఉన్నాయి. శుక్రవారాలు తడిగుడ్డతోనే తుడుస్తున్నాను, ఒట్టు. ముద్ద కూడా దిగుతోంది, ఏం చేస్తాం!

ఆ రోజు నీకు చెప్పలేదు గానీ, బెల్టు ముక్క చేతికిస్తే మీ బావ వాసన చూసిన తీరు నా కళ్ల ముందే ఉంది. "తవుడు వాసన. మన ఎలివేటర్‌దే కదరా" అన్నాడు. బాధపడతాడేమోనని భయపడ్డాను. అతను మాత్రం చొక్కా చేతులు మడిచి, నిన్ను పక్కకు జరగమని, సొల్యూషన్ తనే పూశాడు. వేలి వెనకతో చూసి, ఇంకా కాలేదని నిన్ను గద్దించి కూర్చోబెట్టాడు. కళ్లు పోయాక ఒకరిని గద్దించడం అదే మొదటిసారి. తిట్లు తింటూ నువ్వు పళ్లికిలించడం కూడా చూశాను. అప్పుడే నా కోపం మిగిలింది కూడా పోయింది. ఎప్పుడు పోయిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

నాట్లయినా దసరా దాకా ఆగిన తావుర్యా, నువ్వు వెళ్లిన రెండో రోజే బండి కట్టుకుని రానే వచ్చాడు. మీ బావ వాళ్లన్నను వీధి తలుపు దగ్గర నిలబెట్టి, "కండ్లు మూసుకుని వంటింట్లకెళ్లి నీళ్లు తాగి రా, నీ ఎంబడే వస్త" అని పందెం కట్టాడు. చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని బయలుదేరిన పెద్దమనిషి నేరుగా మా బియ్యం డబ్బా మీద పడ్డాడు. తర్వాత మీ బావ తనే పోయి రెండు గ్లాసుల చాయ తెచ్చాడు, చుక్క ఒలకలేదు. తావుర్యా చాయ తాగి, డబ్బా సరిచేసి, ఖాళీ బండితో తండాకు పోయాడు. పోతూ పోతూ "మా ఇంట్ల గూడ గిది ఏస్తరా?" అని అడిగాడు. లక్ష్మి నవ్వి నవ్వి నేల మీద దొర్లింది.

ఇంకొక సంగతి. ఈ వీధి చివర పిండి గిర్నీ నడిపే జనార్దన్ బెల్టు తెగింది. నువ్వు వదిలిపోయిన సొల్యూషన్ డబ్బా సంగతి జంగమ్మ అతని చెవిన వేసింది. బెల్టు మీ బావ దగ్గరికి తెచ్చాడు. మీ బావ పొరలు ఒలిచి, పూసి, ఆరబెట్టి, అతికాడు. గిర్నీ నడుస్తోంది. నిన్న ఇంకొకరు తెచ్చారు. గడపలో కూర్చుని పని చేసుకుంటున్నాడు. నేను మూడింటికి వస్తే "ఆగు, ఇది ఆరాలె" అని నన్నే కసురుతున్నాడు. చాయ ఇక నేను పెట్టుకోవాలి కాబోలు!

ఉత్తరాల డబ్బా జనార్దన్ గిర్నీ గోడకే ఉంది కదా. రెండు పట్టీలు దాటి, గోడ పట్టుకుని, చేతికర్రతో అక్కడి దాకా పోయి వస్తున్నాడు. రేపు ఈ ఉత్తరం తనే అంటించి, తనే డబ్బాలో వేస్తాడట. నన్ను వెంట రావద్దన్నాడు. నేను కవరు మీద అడ్రసు రాసి పెట్టి అంగన్‌వాడీకి పోతాను. చేరితే చేరినట్టు నాలుగు ముక్కలు రాయి. నా ప్రాణం అంతదాకా కుదురుగా ఉండదు.

నీ అక్క
పుష్ప

*

పోస్టు కార్డు
మిర్యాలగూడ
11 నవంబర్ 1994

అక్కా,

ఉత్తరం చేరింది. కవరు మూత ఎంత లాగినా ఊడిరాలేదు. గోరు పెట్టాను, బ్లేడు పెట్టాను, ఆఖరికి పక్క అంచు కత్తిరించి తీశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే బెల్టు సొల్యూషన్ వాసన. స్టాంపు తలకిందులుగా ఉంది, దానికీ అదే వాసన. రెండూ అంచుల దాకా సమంగా పట్టాయి, ఎక్కడా బుడగ లేదు. వేలి వెనకతో చూసుకునే వేశాడు.

బావకు చదివి వినిపించు: అతుకు పక్కాగా పడ్డది. నిన్న మ్యాట్నీకి పోయాను బావా. ఇంటర్వెల్‌లో పల్లీలు కొనుక్కుని మళ్లీ లోపలికి పోయాను. శుభం పడేదాకా లేవలేదు.

ఫూల్‌సింగ్